ఎడారిలో ఏడుపాయలు

మెదక్ జిల్లా నాగ్సాన్‌పల్లి దగ్గర మంజీర ఏడు పాయలుగా చీలి పారుతుంది. ఆ పాయల నడుమే వనదుర్గమ్మ గుడి, శివరాత్రికి పెద్ద జాతర. ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి బతుకుదెరువు కోసం సౌదీకి పోయినవాళ్ళు తక్కువేం లేరు. వాళ్ళు దిగిన దేశంలోనూ ఒక ఏడుపాయలు ఉండేదంటే వాళ్ళే నమ్మకపోవచ్చు. తూర్పు సౌదీలో ముబర్రజ్ పట్టణానికి ఉత్తరంగా ఒక పెద్ద ఊట ఉంది. పేరు ఉమ్ సబా. అరబ్బీలో దానికి 'ఏడింటి తల్లి' అని అర్థం. భూమిలోంచి వెచ్చగా ఉబికిన నీళ్ళు అక్కడి నుంచి ఏడు కాలువలుగా విడిపోయి ఖర్జూర తోటల్లోకి పారేవి. అందుకే ఆ పేరు.

సౌదీ అరేబియాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. వాన పడితే ఉన్నట్టుండి పొంగి, కాసేపటికే ఇసుకలో ఇంకిపోయే వాగులే ఉన్నాయి. వాటిని వాదీలంటారు. అయినా అల్ అహ్సా ప్రాంతంలో మాత్రం నీటిపాయలను 'నహర్' అని పిలిచారు. నహర్ అంటే నదే. పాతకాలపు అరబ్బు భూగోళ రచయితలు ఇక్కడి ముహల్లిమ్ అనే ప్రవాహాన్ని నది అనే రాశారు. కొండల్లో పుట్టి సముద్రంలో కలిసే నది కాదది. నేల పగిలిన చోట పుట్టి, తోటలు దాటి, చివరికి ఉప్పు పర్రలో ఆగిపోయే నది. పుట్టిన చోటుకూ ఆగిన చోటుకూ మధ్య దూరం ఒక్క పూట నడక. ఆ పూట నడకలోనే యాభై దాకా పల్లెలు, హొఫూఫ్, ముబర్రజ్ అనే రెండు పట్టణాలు, లక్షల ఖర్జూర చెట్లు, వందల ఏళ్ళ నీటి తగవులు, నీటి ఒప్పందాలు అన్నీ ఇమిడిపోయాయి.

ఆ ప్రాంతం పేరే నీళ్ళ నుంచి వచ్చింది. కింద గట్టిపొర ఉండి, పైన ఇసుకలో నిలిచిన నీటి కోసం చేత్తో తోడుకునే గుంటను అరబ్బీలో 'హిసీ' అంటారు. దాని బహువచనమే అహ్సా. తెలుగులో చెప్పాలంటే ఆ సీమ పేరు 'చెలమలు'. వేసవిలో పెన్న, చిత్రావతి ఇసుకలో చెలమ తోడి బిందె నింపుకున్న అనంతపురం వాళ్ళకు ఈ పేరును విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ నీళ్ళు అక్కడ పడ్డ వానవి కావు. వేల ఏళ్ళ కిందట అరేబియాలో వానలు మెండుగా కురిసిన రోజుల్లో పడమటి ఎత్తుల మీద నేలలోకి దిగి, సున్నపురాతి పొరల్లో తూర్పు వైపు మెల్లగా జరుగుతూ వచ్చిన పాత నీళ్ళు. ఆ పొరల్లో ముఖ్యమైనదాన్ని ఉమ్ అర్ రధుమా అంటారు. అహ్సా దగ్గర భూగర్భపు పొరలు ఒంటె మూపురంలా పైకి వంగి ఉన్నాయి. ఆ వంపు అంచున రాతి పగుళ్ళు దారి ఇచ్చిన చోటల్లా నీళ్ళు తమంత తామే పైకి తన్నుకొచ్చాయి. అదే వంపు కింద, ఇంకా ఎంతో లోతున, ప్రపంచంలోకెల్లా పెద్ద చమురు క్షేత్రం ఘవార్ ఉంది. దాన్ని 1948లో కనుగొన్నారు. నీళ్ళను పైకి పంపిన మడతే చమురును పట్టి దాచింది. ఆ పల్లెలు పుట్టిందీ ఆ మడత వల్లనే, చెదిరిపోయిందీ ఆ మడత వల్లనే.

ఎంత పాత పల్లెలో చెప్పడానికి ఐన్ ఖన్నాస్ అనే చోటు చాలు. 1970ల మొదట్లో పురావస్తు శాస్త్రవేత్త అబ్దుల్లా మస్రీ అక్కడ తవ్వితే, మెసొపొటేమియాలో ఉబైద్ కాలానికి చెందిన రంగు కుండల పెంకులు దొరికాయి. అంటే ఆరేడు వేల ఏళ్ళ కిందటే ఆ ఊట ఒడ్డున మనుషులున్నారు. ఇస్లాం తొలినాళ్ళ మసీదుల్లో ఒకటైన జవాథా మసీదు కట్టిందీ ఈ తోటల అంచునే.

క్రీ.శ. 1051లో నాసిర్ ఖుస్రో అనే పారశీక యాత్రికుడు మక్కా నుంచి తిరిగి వెళ్తూ ఇక్కడ ఆగాడు. అప్పుడిక్కడ కర్మాతీయులనే మత శాఖవారి పాలన. ఒక్కో ఊట అయిదు తిరగళ్ళను తిప్పగలిగేంత పెద్దదనీ, ఆ నీరంతా కోట లోపలే వాడుకుంటారు తప్ప బయటికి పోనివ్వరనీ ఆయన రాసుకున్నాడు. ఖర్జూరం ఎంత సమృద్ధిగా పండేదంటే దాన్ని పశువులకు కూడా మేపేవారట. పిండి మరలు ప్రభుత్వానివి, ప్రజలు ఉచితంగా ఆడించుకునేవారు. అదే యాత్రికుడు మరో మాటా రాశాడు. ఆ పొలాల్లో, తోటల్లో పనిచేసింది కొనితెచ్చుకున్న ముప్పై వేల మంది నల్లజాతి బానిసలని. పాత కాలపు చల్లని నీడల గురించి రాసేటప్పుడు ఈ వాక్యాన్ని దాటేయకూడదు. సౌదీలో బానిసత్వాన్ని చట్టప్రకారం రద్దు చేసింది 1962లో.

అరబ్బుల్లో ఒక పాత సామెత ఉంది. అక్కర్లేని శ్రమ పడేవాణ్ణి 'హజర్‌కు ఖర్జూరం మోసుకుపోయినట్టు' అంటారు. హజర్ అన్నది ఈ సీమకు పాత పేరు. పద్నాలుగో శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా కూడా ఈ సామెతను ప్రస్తావించాడు.

ఇక ఆ నీళ్ళు ఎలా పారేవో చూడాలి. అసలు కథ అక్కడే ఉంది.

ఊట నోటి దగ్గర గుండ్రటి మడుగు. మడుగు నుంచి మట్టి కాలువలు. కాలువల మీద తోటకొక తూము, తూముకొక వంతు. ఇన్ని గంటలు ఈ తోటకు, ఆ తర్వాత అడ్డం తీసి పక్క తోటకు. వంతు ఆస్తిలో భాగం. తండ్రి పోతే కొడుకులూ కూతుళ్ళూ నేలతో పాటు నీటి గంటలనూ పంచుకునేవారు. కొన్ని వంతులు మసీదులకో ధర్మకార్యాలకో రాసిచ్చినవి. తెలంగాణ చెరువుల కింద నీరటి చేసిన పని ఏమిటో తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. ఎవరి మడి తడిసింది, ఎవరి మడి ఎండుతోంది, రాత్రి ఎవరు గండి కొట్టారు అన్న లెక్కంతా కాగితం మీద కాక మనుషుల తలల్లో ఉండేది.

పై తోటలకు ఊట నీరు నేరుగా వచ్చేది. అవి తడిసి మిగిలిన నీరు, ఆ తోటల నుంచి ఊరిన మురుగు కలిసి కింది తోటకు సాగునీరయ్యేది. దాని మురుగు ఇంకా కిందికి. ఇలా ఒకే నీరు చేతులు మారుతూ పోతుంటే ప్రతి తోటలోనూ కొంత ఉప్పు కలిసేది. అందుకే పైన నారింజ, నిమ్మ, దానిమ్మ, అత్తి నిలిచేవి. కిందికి పోయేకొద్దీ ఖర్జూరం ఒక్కటే తట్టుకునేది. చిట్టచివర గడ్డి, రెల్లు, ఆ తర్వాత తెల్లటి ఉప్పు పర్ర. గోదావరి జిల్లాల్లో శివారు రైతు పడే బాధ తెలిసినవాళ్ళకు ఆ చివరి తోటవాడి మొహం కళ్ళ ముందు కనబడుతుంది. తేడా ఒక్కటే. అహ్సాలో పైవాడు వదిలిన మురుగే కిందివాడి హక్కు. పైవాడు ఎక్కువ తడుపుకుంటే కిందివాడికి ఎక్కువ నీరు వచ్చేది, ఉప్పూ ఎక్కువే వచ్చేది. ఆ రెంటి మధ్య తూకం కుదుర్చుకుంటూనే తరాలు గడిచాయి. ఒకే కాలువ మీద సున్నీ కుటుంబాల తోటలూ షియా కుటుంబాల తోటలూ ఉండేవి. నమాజు ఎక్కడ చేసినా, వంతు వచ్చినప్పుడు తూము దగ్గరకు రావాల్సిందే.

కాలువ కంటే ఎత్తున ఉన్న తోటలకు నీటిని తోడి పోసేవారు. గాడిదలు, ఆవులు వాలులో నడుస్తూ తాడు లాగితే నీళ్ళు పైకి వచ్చేవి. మన మోట లాంటి పనే. గాడిదల మాట వచ్చింది కాబట్టి, అహ్సా తెల్ల గాడిదలకు అరబ్బు దేశమంతా పేరుండేది. పొడుగ్గా, బలంగా, దూరం నడిచేవి. గడ్డి మోపులూ ఖర్జూరపు గంపలూ సంతకు చేర్చింది, పెద్దమనుషులను తోట నుంచి ఊరికి తెచ్చింది అవే. సాయంత్రం వాటిని కాలువలోకి దించి తోముతుంటే నీళ్ళలో పిల్లల ఈతలు సాగేవి. ఒడ్డున ఆడవాళ్ళు బట్టలు ఉతికేవారు. స్నానానికి మగవాళ్ళ రేవు వేరు, ఆడవాళ్ళ రేవు వేరు. పెళ్ళికొడుకును స్నేహితులు పాటలతో ఊటకు తీసుకుపోయి స్నానం చేయించేవారు. ముబర్రజ్ పక్కనున్న ఐన్ నజ్మ్ ఊటలో గంధకపు వాసన. కీళ్ళ నొప్పులకూ చర్మరోగాలకూ మందని దూరాల నుంచి జనం వచ్చి మునిగేవారు. హొఫూఫ్‌కు తూర్పున ఖుదూద్, హఖ్ల్ అనే ఊటలు, బత్తాలియా పల్లెలో జౌహరియా ఊట, ఒక్కోదానికి ఒక్కో పేరు, ఒక్కో రుచి, ఒక్కో వెచ్చదనం. చలికాలం తెల్లవారుజామున మడుగుల మీద ఆవిరి లేచేది.

తోటలో పని ఏడాది పొడుగునా ఉండేది. మన తాటిలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే ఖర్జూరంలోనూ మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. గాలికి వదిలేస్తే కాయ సరిగా పట్టదు. అందుకని చలి తగ్గగానే మనిషి చెట్టెక్కి, మగ పూరెమ్మను కోసి, ఆడ గెల మధ్యలో పెట్టి కట్టాలి. తోటలో ఎన్ని ఆడ చెట్లుంటే అన్నిసార్లు ఎక్కాలి. ఆ తర్వాత గెలలు వంచి కట్టడానికి మళ్ళీ ఎక్కాలి. కోతకు మళ్ళీ మళ్ళీ ఎక్కాలి. ఎక్కడానికి నడుము వెనుక వెడల్పాటి పట్టా, దానికి చెట్టు చుట్టూ తిప్పిన తాడు. దాన్ని అక్కడ 'కర్' అంటారు. మన గౌడన్నల మోకు అది. నల్గొండలో ముస్తాదు కట్టుకుని తాడెక్కే మనిషీ, అహ్సాలోని ఖారా కొండ కింద కర్ బిగించుకుని ఖర్జూరమెక్కే మనిషీ ఎప్పుడైనా ఎదురెదురు పడితే, భాష రాకపోయినా ఒకరి పని ఒకరికి తెలిసిపోయేది.

ఖలాస్, రుజైజ్, షీషీ ఇక్కడి ముఖ్యమైన రకాలు. రుజైజ్ సామాన్యుల తిండి. ఖలాస్ అతిథికి పెట్టేది. చెట్టులో పారేసేదేమీ లేదు. మట్టలతో మంచాలు, బుట్టలు, ఆకులతో చాపలు, మొద్దులతో దూలాలు, పీచుతో తాళ్ళు, గింజ దంచితే పశువుల దాణా. ఖర్జూరం సంచులను గదిలో పేర్చితే, బరువుకు కారిన పాకం నేలలోని సన్నని కాలువల వెంట కుండలో చేరేది. అదే దిబ్స్. చంటిపిల్లలకూ అతిథులకూ అదే తీపి.

వీటన్నిటి కంటే వింతైనది వరి. అవును, ఎడారిలో వరి. హసావీ బియ్యం ఎర్రగా, కమ్మటి వాసనతో ఉంటుంది. మండే వేసవిలో, మడిలో నీళ్ళు నిలబెట్టి పండించేవారు. బాలింతలకు బలమని పెట్టేవారు. నీళ్ళు ఎంత ధారాళంగా పారితే ఈ పంట సాధ్యమయ్యేదో రైతు కుటుంబంలో పుట్టినవాళ్ళు ఊహించుకోగలరు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఆ ఊటలన్నీ కలిపి మూడు వందల క్యూసెక్కులకు అటూ ఇటూ నీరిచ్చేవని అంచనా. తోడే యంత్రం లేకుండా, ఆనకట్ట లేకుండా, రాత్రీ పగలూ పారిన నీరది.

కాలువల్లో చిన్న చేపలుండేవి, కప్పలుండేవి. ఇంకో ప్రాణి కూడా ఉండేది. మంచినీటి తాబేలు. ఇరాన్, ఇరాక్ వైపు నదుల్లో బతికే కాస్పియన్ తాబేలు అది. నాలుగు దిక్కులా ఇసుక ఉన్న ఈ కాలువల్లోకి ఎప్పుడో వచ్చి చేరి ఇక్కడే నిలిచిపోయింది. పిల్లలు దాన్ని పట్టుకుని ఆడుకుని మళ్ళీ నీళ్ళలో వదిలేవారు.

నిలిచిన నీళ్ళు దోమలనూ పెంచాయి. మలేరియా ఆ పల్లెలను తరతరాలుగా పీడించింది. 1940ల చివర్లో అరాంకో చమురు కంపెనీ, ప్రభుత్వం కలిసి ఇంటింటా డీడీటీ చల్లించే దాకా జ్వరం ఊరి మనిషిలాగే ఉండేది. ఆ జ్వరం మనుషుల రక్తంలో ఒక గుర్తు వదిలిపోయింది. అహ్సా తోటల్లోనూ, తీరాన ఉన్న ఖతీఫ్ తోటల్లోనూ బతికే జనంలో సికిల్ సెల్ లక్షణం చాలా ఎక్కువ. ఆ లక్షణాన్ని ఒక్కవైపు నుంచే తెచ్చుకున్నవాళ్ళను అది మలేరియా నుంచి కొంత కాపాడుతుంది. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వస్తే జీవితాంతం నొప్పుల జబ్బవుతుంది. 1980ల్లో జన్యు పరిశోధకులు ఒక సంగతి గమనించారు. ఆఫ్రికాలో కనిపించే రకాలు వేరు, తూర్పు సౌదీ తోటల్లో కనిపించే రకం వేరు. ఆ తూర్పు సౌదీ రకం మన దేశపు గిరిజనుల్లో కనిపించే రకమే. దానికి 'అరబ్-ఇండియన్' అని పేరు పెట్టారు. మన తూర్పు కనుమల ఏజెన్సీ పల్లెల్లోనూ సికిల్ సెల్ బాధితులున్నారు. సముద్రానికి అటూ ఇటూ ఉన్న రెండు సీమలకు ఒకే దోమ జ్వరం, ఒకే రక్తపు గుర్తు. ఈ చుట్టరికాన్ని తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

సముద్రం మీద మరో చుట్టరికమూ ఉండేది. అహ్సా రేవు ఉఖైర్. బొంబాయి నుంచి బియ్యం, గుడ్డలు, మసాలాలు, కలప బహ్రెయిన్ మీదుగా అక్కడ దిగి, ఒంటెల మీద హొఫూఫ్‌లోని ఖైసరియా బజారుకు చేరేవి. గల్ఫ్ తీరపు ఖర్జూరం మన దేశానికి వచ్చేది. మన పెళ్ళిళ్ళలో తాంబూలంలో పెట్టే ఎండు ఖర్జూరం ఆ దారిలో వచ్చిన అతిథే. 1819లో జార్జ్ ఫార్‌స్టర్ సాడ్లియర్ అనే బ్రిటిష్ సైన్యపు కెప్టెన్‌ను బొంబాయి ప్రభుత్వం అరేబియాకు పంపితే, ఆయన ఖతీఫ్ నుంచి ఈ తోటల మీదుగానే ఎడారి దాటి ఎర్రసముద్రం చేరాడు. 1871 నుంచి ఇక్కడ తుర్కుల జెండా ఎగిరింది. 1913లో అబ్దుల్ అజీజ్ ఇబ్న్ సౌద్ హొఫూఫ్‌ను పట్టుకున్నాడు. జెండాలు మారినా తూముల వంతులు మారలేదు. పాలకులందరికీ కావలసింది ఖర్జూరపు పంట మీద పన్నే.

మార్పు మరో వైపు నుంచి వచ్చింది. 1938 మార్చిలో దమ్మామ్ ఏడో నంబరు బావిలో చమురు పడింది. పదేళ్ళకు ఘవార్. 1951లో దమ్మామ్ నుంచి హొఫూఫ్ మీదుగా రియాద్‌కు రైలు. పాలేరుగా, కౌలుదారుగా తోటలో పనిచేసి పంటలో సగమో మూడో వంతో తెచ్చుకున్న మనిషికి అరాంకో నెల జీతం ఇచ్చింది. యువకులు పొద్దున్నే బస్సెక్కారు. అప్పట్లో ఎఫ్. ఎస్. విడాల్ అనే మానవశాస్త్రవేత్త అరాంకో తరఫున ఈ పల్లెలన్నీ తిరిగి 1955లో 'అల్ హసా ఒయాసిస్' మీద పుస్తకం వేశాడు. నీటి వంతులు, ఊటల పేర్లు, పంటలు అన్నీ అందులో నమోదయ్యాయి. ఆ పుస్తకం వెలువడే నాటికే ఆ బతుకు కరగడం మొదలైంది.

కష్టాలు నిజమైనవే. ఉత్తరాన ఇసుక దిబ్బలు ఏటా తోటల మీదికి జరుగుతూ పల్లెలను మింగుతుండేవి. 1962లో లక్షల తమరిస్క్ మొక్కలు నాటి వాటికి అడ్డం కట్టడం మొదలుపెట్టారు. పల్లం తోటల్లో మురుగు నిలిచి ఉప్పు తేలింది. దానికి పరిష్కారంగా సౌదీ ప్రభుత్వం జర్మన్ కంపెనీ ఫిలిప్ హోల్జ్‌మాన్‌తో పెద్ద సాగునీటి పథకం కట్టించింది. 1971లో ఫైసల్ రాజు దాన్ని ప్రారంభించాడు. ముప్పైకి పైగా పెద్ద ఊటలను కాంక్రీటు కాలువలకు కలిపారు. సాగునీటి కాలువలే పదిహేను వందల కిలోమీటర్ల దాకా, మురుగు కాలువలు దాదాపు అంతే. పాత తోటలు 8,000 హెక్టార్లుంటే సాగును 20,000 హెక్టార్లకు పెంచాలని లక్ష్యం. నీరు పంచడానికి అహ్సా సాగునీటి, మురుగునీటి సంస్థ వచ్చింది. తూము దగ్గర నిలబడి వాదించుకునే పని పోయింది. సంస్థ గుమాస్తా రాసిన పట్టిక ప్రకారం నీళ్ళు వచ్చాయి.

ఈ పథకాన్ని తప్పుపట్టడం తేలిక. న్యాయంగా చూస్తే, పైతోట ఉప్పు కిందితోట తాగాల్సిన పని దానివల్ల తప్పింది. సాగునీరు వేరు, మురుగు వేరు అయ్యాయి. దోమల గుంటలు తగ్గాయి. కానీ పైతోటకూ కిందితోటకూ మధ్యనున్న ముడి కూడా దానితోనే తెగింది. పక్కవాడు నీళ్ళు ఎలా వాడుతున్నాడో పట్టించుకోవాల్సిన అవసరం పోయింది. కాలువ పూడిక తీయడానికి ఊరంతా పారలు పట్టుకుని దిగే రోజు పోయింది. ఆ రోజు లేకపోతే ఊరు అనే మాటకు మిగిలే అర్థం తక్కువ.

ఆ తర్వాత అసలు దెబ్బ భూమి అడుగు నుంచి తగిలింది. డీజిలు మోటార్లు, లోతు బోర్లు వచ్చాయి. పట్టణాలు పెరిగాయి. దక్షిణాన హరద్‌లో, ఇంకా దూరంగా ఎడారి నడుమ, 1980ల్లో గోధుమ పొలాలు గుండ్రంగా లేచాయి. ఒక దశలో సౌదీ గోధుమలు విదేశాలకు ఎగుమతి అయ్యాయి. ఆ నీళ్ళన్నీ నేల అడుగున ఉన్న పాత నిల్వ నుంచి వచ్చినవే. ఆ గోధుమ విధానాన్ని ప్రభుత్వం 2008 తర్వాత మెల్లగా విరమించి 2016 నాటికి ముగించింది. అప్పటికి ఊటల కథ ఏనాడో అయిపోయింది. తమంత తాము పారే ఊటలు ఒక్కొక్కటే మందగించి, 1990ల నాటికి దాదాపు అన్నిటి మీదా పంపులు వచ్చాయి. ఉమ్ సబాలోనూ నీళ్ళు తమంత తాము పైకి రావడం మానేశాయి. అనంతపురం, మహబూబ్‌నగర్ రైతులు బోరు మీద బోరు వేసి గులక, దుమ్ము చూసిన రోజులు గుర్తున్నవాళ్ళకు ఆ మడుగుల అడుగు ఎలా బయటపడి ఉంటుందో తెలుసు.

అప్పటికి తోటల్లో పని చేసే చేతులూ మారాయి. 1970ల్లో చమురు ధరలు పెరిగిన తర్వాత స్థానికులు ఆఫీసులకూ, చమురు కంపెనీలకూ, 1975లో హొఫూఫ్‌లో మొదలైన కింగ్ ఫైసల్ విశ్వవిద్యాలయానికీ వెళ్ళారు. ఖర్జూరం ఎక్కడానికి ఈజిప్టు నుంచి, పాకిస్తాన్ నుంచి, బంగ్లాదేశ్ నుంచి, మన దేశం నుంచి మనుషులు వచ్చారు. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి సౌదీకి విమానమెక్కిన వేలమందిలో కొందరి చేతికి కర్ తాడూ, పారా దొరికాయి. ఇంటికి పంపిన ఉత్తరాల్లో, క్యాసెట్లలో 'తోట పని' అన్న ఒక్క మాటలో అదంతా ఇమిడిపోయింది. కోనసీమ నుంచి వచ్చినవాడికి ఇక్కడి కాంక్రీటు కాలువ చూస్తే తన ఊరి కాలువ కాసే లస్కరు గుర్తొచ్చి ఉంటాడు. కానీ ఈ కాలువలో ఈత కొట్టే పిల్లలు లేరు.

2018లో యునెస్కో అల్ అహ్సాను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. పన్నెండు చోట్లు ఆ జాబితాలో ఉన్నాయి. తూర్పు తోటలు, ఉత్తరపు తోటలు, ఖైసరియా బజారు, ఇబ్రాహీం కోట, జవాథా, ఐన్ ఖన్నాస్, అస్ఫర్ సరస్సు వగైరా. ఇరవై అయిదు లక్షల ఖర్జూర చెట్లతో ప్రపంచంలోకెల్లా పెద్ద ఒయాసిస్ అని యునెస్కో రాసింది. చెట్లు నిజంగానే ఉన్నాయి. పచ్చగానే ఉన్నాయి. వాటికి ఇప్పుడు అందే నీటిలో పెద్ద వంతు పట్టణాల మురుగును శుద్ధి చేసి పంపిస్తున్నది. అదే ఏడాది పాత సాగునీటి సంస్థ సౌదీ ఇరిగేషన్ ఆర్గనైజేషన్ అయింది. ఆవిరిగా పోయే నీటిని ఆదా చేయడానికి 1971 నాటి కాంక్రీటు కాలువల స్థానంలో భూగర్భ గొట్టాలు వేస్తున్నారు. నీరు ఆదా కావలసిందే. గొట్టంలో పోయే నీటికి మాత్రం ఒడ్డు ఉండదు.

హసావీ వరి ఇంకా కొన్ని మళ్ళలో పండుతోంది. ఎర్ర బియ్యం బజారులో మామూలు బియ్యం కంటే ఎన్నో రెట్ల ధర పలుకుతుంది. పాత ఊటల్లో కొన్నిటిని బాగుచేసి, చుట్టూ మెట్లు కట్టి, సందర్శకుల కోసం తెరిచారు. ముసలివాళ్ళు మనవలను తీసుకొచ్చి మడుగు ఎక్కడిదాకా ఉండేదో, ఏ వైపు ఆడవాళ్ళ రేవో, ఏ తూము ఎవరి తాతదో చూపిస్తుంటారు.

తోటలన్నిటికీ కింద, తూర్పున, ఇసుక దిబ్బల మధ్య అస్ఫర్ సరస్సు ఉంది. వెనకటి ఊటల నీరు చివరికి చేరింది ఆ వైపుకే. ఇప్పుడు అందులోకి మురుగు కాలువల నీరు చేరుతోంది. నీటి అంచున రెల్లు, ఆ వెనక ఉప్పు, ఆ వెనక ఇసుక. చలికాలం రాగానే ఉత్తరాది నుంచి వలస పక్షులు దిగుతాయి. బాతులు, కొంగలు, కొన్నిసార్లు రాజహంసలు. అవి వచ్చే వేళకు కోతలు అయిపోయి ఉంటాయి. తోటల్లో మట్టలు నరికే చప్పుడు సరస్సు దాకా వినబడుతుంది.